పరదేశపు ఆలుచిప్పలు, మన ఉప్పుటేళ్లు

గడచిన మాఘమాసములో మన సంఘసభ్యులలో నొకరు కండలేరు ఉప్పుటేటి యొడ్డుననున్న తమ రొయ్యలచెఱువునకై దక్షిణమునుండి వాడిన సామగ్రి కొంత చవుకగా కొని తెచ్చిరి. అందు రెండు పంపుల గొట్టములు, నాలుగు ఏరియేటర్లు, కొన్ని తేలుడు డబ్బాలు, మోకులు ఉండెను. ఆ సామగ్రి అంతయు పులికాటు సరస్సునకు ఆవలనున్న ఎన్నూరు ఉప్పుటేటిలో పనిచేసినది. గొట్టపు మూతియందు నల్లని చిన్నచిప్పలు పదియో పదునైదో అంటుకొని యుండగా, “ఇవి మన ఆలుచిప్పలేనా అండీ?” యని వారు మమ్మడిగిరి. అమావాస్య పోటునకు చెఱువునకు నీరెక్కించవలెననియు, రొయ్యపిల్లను వదలు దినము నిర్ణయమైపోయినదనియు చెప్పిరి. మేము చిప్పలను గోటితో గీకి చూచి, ఆ సామగ్రిని అప్పుడే నీటిలో దింపవలదంటిమి. వారికి కోపము వచ్చెను. గుప్పెడు చిప్పలకై ఒక పోటు పోగొట్టుకొనుట యెవరికైనను కష్టమే. ఆనాడు గట్టుమీద నిలుచుండి నాలుగుమాటలలో చెప్పలేకపోయిన సంగతిని ఇచట విరివిగా వ్రాయుచున్నాము.

ఆలుచిప్ప రెండుచిప్పల నడుమ నివసించు మెత్తని జీవి. నత్తవలె ఇది నడచి తిరుగదు. తన శరీరమునుండి సన్నని నారపోగులను వెలువరించి, వాని కొనలతో రాతిని గాని, కఱ్ఱను గాని, ఇనుమును గాని పట్టుకొని యుండును. నీటిని లోనికి పీల్చి, అందలి కంటికానని పాచిని వడగట్టి తిని, నీటిని వెలికి విడుచును. ఇట్లొకచోటనే కూర్చుండు జీవి సముద్రములు దాటి యెట్లు పోగలదని చదువరులు అడుగవచ్చును. దాని పిల్లతనమునందే ఆ రహస్య మున్నది. ఆడుచిప్ప గుడ్లను, మగచిప్ప రేతస్సును నీటిలోనికే విడుచును. గుడ్డునుండి వెడలిన పిల్ల దుమ్మురేణువంత యుండి, కొన్నిదినములు నీటిలో తేలుచు, పోటు ఎటు తీసికొనిపోయిన అటు పోవును. పిదప ఏ గట్టివస్తువు తగిలినను దానిని పట్టుకొని చిప్ప కట్టుకొనును. ఆ గట్టివస్తువు ఓడ అడుగైనచో ఓడతోకూడ ప్రయాణము చేయును.

ఓడ కడుపులోనుండియు ఇవి రాగలవు. సరకులేని ఓడ తేలికయై అలలకు ఒరగును గనుక, బయలుదేరు రేవులోనే తన తొట్లలోనికి వేలకొలది టన్నుల సముద్రజలమును ఎక్కించుకొనును. దీనిని బ్యాలస్టు నీరందురు. ఇనుపరాయినో మఱియొక సరకునో ఎత్తుకొనుటకు వట్టిగా వచ్చిన ఓడ, సరకు ఎక్కినకొలది ఈ నీటిని మన రేవులో విడిచిపెట్టును. ఎక్కడి రేవునీరో, ఆ నీటిలోని ఎన్ని జాతుల పిల్లజీవులో, ఒక్కదినమున మన తీరమున దిగుచున్నవి. విత్తనములలో కలుపుగింజ వచ్చుటవంటిదే ఇదియును. వయ్యారిభామ మన పొలములలోనికి గోధుమలతో వచ్చినదని చెప్పుదురు. గుఱ్ఱపుడెక్క కొల్లేటిలోనికి కాళ్లతో నడచి రాలేదు.

ఈ విషయమున మన ఆంధ్రతీరమునకు పాత అనుభవమొకటి కలదు. 1933లో ఓడలకు తెఱువబడిన విశాఖపట్టణపు లోపలిరేవు కొండల చాటున, సముద్రపు అలలు తగులక, మడుగువలె నుండునది. 1960కి తరువాతి సంవత్సరములలో ఆ రేవు గోడలమీదను, ఓడల అడుగుననుు ఎన్నడు నెఱుగని చిన్న చిప్పయొకటి గుంపులుగుంపులుగా కనబడసాగెను. ఆంధ్ర విశ్వవిద్యాలయమునందు జంతుశాస్త్రాచార్యులైన పి. ఎన్. గణపతిగారును, వారి సహచరులును దానిని పరీక్షించి 1971లో ప్రకటించిరి. శాస్త్రజ్ఞులు దానిని మైటిలాప్సిస్ సాలీ యందురు. దాని పుట్టినిల్లు అమెరికాఖండమున కరేబియను సముద్రము, మెక్సికో సింధుశాఖ. అంగుళమునకు మించి పెరుగని ఈ చిప్ప విశాఖపట్టణపు రేవులో ఒక చదరపుమీటరు జాగాలో నూఱు కిలోగ్రాముల వఱకు బరువు తూగునట్లు పేరుకొనినదని లెక్కకు వచ్చినది. ఒక బస్తా ధాన్యముకన్న ఎక్కువ బరువు, మన తిన్నెమీద పఱచిన చాపకన్న తక్కువ స్థలములో! ఓడలకును, నీటిలోని ఇనుపపనికిని, చల్లనినీరు తీయు గొట్టములకును దానివలన కలిగిన చిక్కు ఇంతంత కాదు. తరువాత బొంబాయి రేవులలోను, హాంకాంగు, తైవాను, సింగపూరులందును ఇదియే కనబడెను.

చిన్నదానికి ఇంతబలము ఎక్కడిది? ఇది నెలదినములకే పెద్దదై గుడ్లు విడువనారంభించును. ఒక్క చిప్ప వేలకొలది గుడ్లు విడుచును. బ్రదుకు రెండేండ్లయినను ఉండదు. త్వరగా పుట్టి, త్వరగా కని, త్వరగా చచ్చు జాతికి క్రొత్తచోట స్థిరపడుట సులభము. అంతేగాక మన ఉప్పుటేటి చేపలును గుల్లలును వేసవియందలి కటికయుప్పునకో, కార్తెవరదలోని మంచినీటికో చచ్చునప్పుడు ఇది రెండింటికిని ఓర్చుకొనును. వరద తీసినపిమ్మట ఖాళీపడిన జాగా అంతయు దానిదే.

ఇక మనవారి సామగ్రికి అంటుకొని వచ్చిన చిప్ప మఱియొకటి. దీనిపేరు మైటెల్లా స్ట్రైగేటా. ఇదియు అమెరికాఖండపుదే. అట్లాంటిక్ తీరమున వెనిజులా మొదలు అర్జెంటీనా వఱకును, పసిఫిక్ తీరమున మెక్సికో మొదలు ఈక్వెడారు వఱకును దాని స్వస్థలము. 1986లో అమెరికా సంయుక్తరాష్ట్రములలోని ఫ్లోరిడాకు వచ్చి, ఒక విద్యుత్కేంద్రపు నీటిగొట్టములలో చేరి, ఆ యేటి చలికి నశించినది. కాని తరువాత మరల వచ్చి నిలద్రొక్కుకొనెను. 2014లో ఫిలిప్పీన్సునందు, 2016లో సింగపూరునందు, ఆ వెనుక థాయిలాండునందు కనబడెను. 2018-19లో మన దేశమున కొచ్చి కాయలులలో ఉన్నట్లు తేలినది. ఫ్లోరిడాలో ఒకమాఱు దానిని చంపిన చలి మన తీరమునకు ఎన్నడును రాదు.

దీని స్వభావమున రెండు విశేషములను రైతులు గుర్తుంచుకొనవలెను. వేయిపాళ్ల నీటిలో రెండు పాళ్లు ఉప్పున్నను, నలువదిపాళ్లున్నను ఇది క్రమముగా అలవాటుపడి బ్రదుకగలదని పరీక్షలలో తెలియవచ్చినది. సముద్రపునీటిలో ఉండునది ముప్పదియైదు పాళ్లు మాత్రమే. రెండవది వింతైనది: ఆహారము కొఱవడినప్పుడు ఆడుచిప్పలు కొన్ని మగచిప్పలుగా మాఱును. గుడ్లుపెట్టుటకు ఎక్కువ తిండి కావలెను. మగదియై యుండుటకు అంత యక్కఱలేదు. కఱవునకు తగినట్లు కాపురము దిద్దుకొను ప్రాణిని కఱవు ఏమి చేయగలదు?

కేరళమున కొల్లమువద్ద అష్టముడి యను కాయలు కలదు. అందలి బురదనేలలో చిన్నగుల్లలు పట్టి అమ్ముకొని వేలకొలది జనము జీవించుచున్నారు. గుల్లలు పెరుగు కాలమున పట్టుట మానుకొని, చిన్నవాటిని విడిచిపెట్టి, తమకు తాము కట్టుబాట్లు చేసికొని, 2014లో ఆ వృత్తివారు అంతర్జాతీయమైన ఎం.ఎస్.సి. యోగ్యతాముద్రను సంపాదించిరి. మన దేశమున ఏ మత్స్యవృత్తికిని అంతకుముందు ఆ ముద్ర దొరకలేదు. సహకారముతో పనిచేయువారికి అది ఎంత గౌరవమో మన సభ్యులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. అట్టిచోటనే ఈ క్రొత్తచిప్ప దిగి, గుల్లల నేలపైన చాపవలె పఱచుకొనెను. పచ్చ ఆలుచిప్పలను పెంచుటకై వ్రేలాడగట్టిన మోకులమీదను ఇదియే పట్టుకొనెను. కట్టుబాటు తప్పని వారిపైననే ఈ దెబ్బ పడుట మాకు మిక్కిలి బాధ కలిగించిన సంగతి. వారు చేసిన తప్పేమియు లేదు.

ఎన్నూరు, కాట్టుపళ్లి ప్రాంతపు ఉప్పుటేటిలోను ఇట్లే జరిగినది. అక్కడి తమిళ మత్స్యకారులు దీనిని కాక్కా ఆళి యందురు. బురదలో చేతులు పెట్టి రొయ్యలను తడవి పట్టుట అక్కడి బీదవారి జీవనము. నేలమీద ఈ చిప్పలు గచ్చు వేసినట్లు పఱచుకొనుటవలన రొయ్య బురదలో దూరలేదు. దూరినదానిని పట్టబోవు చేయి చిప్పల అంచులకు తెగుచున్నది. ఇది ఉత్తరముగా పులికాటు దిక్కునకు ప్రాకుచున్నదని 2022, 2023 సంవత్సరములనుండి వారు మొఱపెట్టుకొనుచున్నారు. పులికాటు సరస్సులో అధికభాగము ఆంధ్రదేశములోనిదే. ఎన్నూరునుండి పులికాటుమీదుగా మన జిల్లాలోనికి వచ్చు బకింగ్‌హాం కాలువ అచ్చటచ్చట పూడిపోయినను, పోటునీరు పాఱు భాగములింకను కలవు. కండలేరు ముఖద్వారముననే కృష్ణపట్టణపు రేవున్నది. కాలువ ఒకవైపు, ఓడలు ఒకవైపు, మన లారీలు ఒకవైపు: వచ్చుటకు దారులు మూడు. మొదటి రెండు మన చేతిలో లేవు.

ఇది దొరికినచోట నిర్మూలము చేయరాదాయని కొందఱడుగుదురు. ఒకచోట చేసిరి, ఎట్లు చేసిరో వినదగినది. ఆస్ట్రేలియాలోని డార్విను పట్టణమున విహారనౌకలు నిలుపు చిన్నరేవులు కొన్ని కలవు. అక్కడ పోటుపాటుల తేడా ఎనిమిది మీటర్లకు రావచ్చును గనుక, నీరు దిగిపోకుండ ఆ రేవులకు తలుపులు పెట్టిరి. 1999 మార్చినెలలో ఒకరేవులో నీటమునిగి చూచిన శాస్త్రజ్ఞులకు మన విశాఖపట్టణపు చిప్పయే కనబడెను. ఆఱు మాసములక్రిందట చూచినప్పుడది లేదు. ఇప్పుడో చదరపుమీటరునకు ఇరువదివేలకు పైబడి యుండెను. అక్కడివారు సంశయింపలేదు. తలుపులు మూసివేసి, లోపలనున్న పడవలను కదలనీయక, వెలుపలికి పోయిన పడవలను వెదకి పట్టి, వందటన్నులకు మించిన క్లోరిను ద్రావకమును, మైలుతుత్తమును నీటిలో పోసిరి. చిప్పలతోపాటు ఆ రేవులలోని చేపలు మొదలైనవన్నియు చచ్చెను. ఇరువదిలక్షల డాలర్లకు మించి వ్యయమైనది. నెలదినములకు చిప్ప లేకుండ పోయెను. ఆ తీరమున ముత్యపుచిప్పల పెంపకము పెద్ద పరిశ్రమ; అందువలన వారట్లు తెగించిరి.

మనకు ఆ తలుపులేవి? కండలేటికిగాని పులికాటికిగాని మూయుటకు తలుపులు లేవు. నీటిలో విషము పోయుటకు మనకు హక్కును లేదు. ఒకమాఱు ఉప్పుటేటి నేలను పట్టిన చిప్పను ఏ సర్కారును తీయించలేదని మా యభిప్రాయము. చేతులతో ఏరించి గట్టున పోసినను, మిగిలిన పిడికెడు చిప్పలు మఱుసటి పున్నమకు నీటినిండ పిల్లను విడుచును.

అట్లని చిప్పజాతిమీద పగ పెంచుకొనుట తగదు. బ్రెజిలు దేశమున ఈ మైటెల్లాయే సురూరు అనుపేర బీదలకు కూరయై, ఎన్నో కుటుంబములకు జీవనమై యున్నది. మన పచ్చ ఆలుచిప్ప కేరళమున ఎంతో ప్రీతితో తినబడునది. అదియే 1999లో ఫ్లోరిడాలోని టాంపా సింధుశాఖకు చేరి, విద్యుత్కేంద్రపు గొట్టములను మూసివేసి, అక్కడివారిచే తిట్లు తినుచున్నది. పుట్టినచోట దానిని తిను చేపలును, దానికి పట్టు తెగుళ్లును ఉండి దానిని అదుపులో నుంచును. ఆ అదుపును వెంటతెచ్చుకొనక వచ్చుటయే పరదేశిజాతితో వచ్చు చిక్కు. మన ఎన్నూరు చిప్పలనుకూడ వండుకొనరాదాయని ఒక సభ్యుడడిగిరి. ఇవి నీటిలోని మురికిని, లోహములను దేహమున కూర్చుకొనునవి. కర్మాగారముల బూడిదయు మురుగును కలియు నీటిలోనివి తినదగవు. బాతులకును వేయవలదు.

ఇచట మఱియొక మాట. మన సభ్యులందఱు పెంచు వెనామీ రొయ్యయు పరదేశిదే! ఈ చిప్పకు పుట్టినిల్లైన ఆ పసిఫిక్ తీరమే దానికిని పుట్టినిల్లు. 2009లో సర్కారు అనుమతించినపుడు తెగుళ్లులేని తల్లిరొయ్యలనే తెప్పించవలెననియు, మదరాసు నీలాంగరైలోని క్వారంటైను కేంద్రమున ఉంచి పరీక్షించినపిమ్మటనే హ్యాచరీలకు ఈయవలెననియు నియమము చేసిరి. ఆ నియమమువలన ఆలస్యమనియు ఖర్చనియు సణిగినవారిలో మేమును ఉంటిమి. ఒకే తీరపు ప్రాణులు రెండు: ఒకటి వాకిట నిలిచి పరీక్షయై వచ్చినది, రెండవది దొడ్డిదారిని వచ్చినది. నీలాంగరైనుండి ఎన్నూరు ఒక్క పూట ప్రయాణమైనను లేదు.

ఓడలకును ఇప్పుడు నియమములు లేకపోలేదు. బ్యాలస్టు నీటినిగూర్చి 2004లో అంతర్జాతీయమైన ఒడంబడిక వ్రాయబడి, 2017 సెప్టెంబరు 8వ తేదీనుండి అమలునకు వచ్చినది. విడుచు నీటిలో ఒక ఘనపుమీటరునకు, కనబడు పరిమాణపు జీవులు పదికన్న తక్కువ యుండునట్లు ఓడలోనే నీటిని శుద్ధిచేయవలెననుట దాని సారము. మంచిదే. కాని ఓడ అడుగున అంటుకొను చిప్పలకు ఆ ఒడంబడిక వర్తింపదు. లారీలమీద వచ్చు గొట్టములకు అసలే వర్తింపదు.

చెఱువులో ఈ చిప్పలు దిగినచో ఏమగునో చెప్పెదము. అవి నీటిలోని పాచిని వడగట్టి తినును గనుక, రైతు కష్టపడి తెచ్చుకొన్న నీటిరంగు తేలిపోవును. చిప్ప కట్టుకొనుటకు నీటిలోని సున్నపుసారమును లాగును. రొయ్య పొఱ విడిచినపుడు పెంకు గట్టిపడుటకు ఆ సారమే కావలసియున్నది. ఏరియేటరు రెక్కలు బరువెక్కి కరెంటు ఎక్కువ కాలును. గొట్టపు మూతి ఇఱుకగును. ఇన్నిటికి కారణము తెలియక రైతు సున్నమును, మందులను చల్లుచునే యుండును.

గుర్తుపట్టుట యెట్లనగా: మన పచ్చ ఆలుచిప్ప అరచేయంత పెరుగును, అంచున పచ్చదనముండును. మైటెల్లా బొటనవ్రేలంత యుండి, నునుపుగా, నల్లగానో గోధుమవన్నెగానో ఉండును. కొన్నిటిపై పాముకుబుసముమీదివంటి వంకరగీతలుండును. విశాఖపట్టణపు చిప్ప వ్రేలిగోరంత మొదలుకొని అంగుళము వఱకుండును. దానిని విప్పి, మొనకోణము లోపల చూచిన చిన్న అరుగువంటి పలక కనబడును. మైటెల్లాకు ఆ పలక లేదు. సందేహమైనచో చిప్పలను సారాయిద్రావకపు సీసాలో వేసి సంఘపు కార్యాలయమునకు పంపవలెను. బ్రదికియున్నవానిని నీటితో కుండలో పెట్టి తేవలదు. గతమున ఒకరట్లే తెచ్చి, చూపించి, తిరిగిపోవుచు త్రోవలోని కాలువలో కుమ్మరించిరి.

వాడిన సామగ్రి కొనువారు మొదట దానిని గీకి, గీకిన పొట్టును ఏటిలో పడవేయక గట్టున లోతుగా పూడ్చి, సామగ్రిని పదిదినములకు తక్కువగాక ఎండలో ఉంచవలెను. చిప్ప నోరు బిగించుకొని నీరులేక దినములకొలది ఉండగలదు కాబట్టి ఒక పూట ఎండ చాలదు. మోకులును వలలును ముద్దగా పడియున్నచో లోపలితడి ఆఱదు, విప్పి పఱచవలెను. త్వరపడువారు చేయి పెట్టలేని వేడినీటిలో, అనగా అఱువది డిగ్రీల వేడిలో, అరగంట ముంచవచ్చును. బ్లీచింగు పొడి నీటిలోని పిల్లలను చంపునుగాని, పెద్దచిప్ప ఆ వాసనకు నోరు మూసికొని కూర్చుండును. ఏటినీటిని నేరుగా చెఱువునకు ఎక్కింపక, సన్ననివడపోత సంచిగుండ మొదట నిలువచెఱువులోనికి ఎక్కించి, అచట బ్లీచింగు వేసి, పిదప వాడుట రొయ్యల తెగుళ్లకును మంచిదే గనుక క్రొత్త ఖర్చుగా ఎంచనక్కఱలేదు.

మా తప్పునుగూడ దాచుట న్యాయముకాదు. కొన్నియేండ్ల క్రిందట ప్రదర్శనకై ఒక ఉప్పుటేటిలో వాడిన వలపంజరములను, మఱునాడే లారీపై వేఱొక ఏటికి తీసికొనిపోయి తడియాఱకమునుపే దింపితిమి. సమయము మిగిలినదని సంతోషించితిమి. ఆ పంజరములకు అంటుకొన్నదేమియో మేము చూడనైనను చూడలేదు. ఏమియు కాలేదని ఇప్పుడు తోచుచున్నది. అది మా అదృష్టమే గాని తెలివి కాదు.

ఆ సభ్యుని సంగతి చెప్పవలసియున్నది. వారి సామగ్రి పండ్రెండుదినములు గట్టుమీద ఎండినది. అమావాస్య పోటు పోయినది; పున్నమ పోటునకు నీరెక్కించిరి. రొయ్యపిల్ల పదునైదు దినములు ఆలస్యమాయెను. హ్యాచరీకిచ్చిన బయానాలో కొంత పోయినది. ఆ నష్టములో భాగమును సంఘము భరింపవలెనని మేము కార్యవర్గమునకు వ్రాసితిమి. ఏటి నంతటిని కాపాడుటకు ఒక్కరే చెల్లించుట మాకు సబబుగా తోచలేదు. వచ్చు సమావేశమున అది చర్చకు వచ్చును. మోకుల నడుమ ఎండి నోరుతెఱచిన చిప్పలు ముప్పదియొకటి దొరకినవి. వానిని సంఘపు కార్యాలయమున బీరువాపై సీసాలో ఉంచినాము. కండలేటిలో మేమును, సభ్యులును వెదకినంతవఱకు అట్టిది ఇంకను కనబడలేదు. సీసాను చూచిపోయి, తమ తమ గొట్టములను, తూముల తలుపులను ఈ వేసవిలో నీరు తగ్గినపుడు ఒకమాఱు తడవి చూడవలెనని సభ్యులను కోరుచున్నాము.